మెదడులోని గడియారం – వార్డులో రాత్రి నిద్ర

(వార్డు ప్రార్థన తరువాత రోగుల బంధువులతో మా నర్సు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



మీ మనిషిని మంచం మీద పడుకోబెట్టి, మీరు కింద చాప వేసుకొని, ఎన్నో రోజులుగా ఇక్కడ కనిపెట్టుకొని ఉన్నారు. మీలో కొందరికి రాత్రి కునుకు కూడా లేదని నాకు తెలుసు. నాలుగు మాటలు చెప్పి పంపిద్దామనే అనుకున్నాను గాని, ఈ రోజు విషయం కొంచెం పెద్దది. ఓపిక చేసుకొని వినండి.

ఈ మధ్య మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "సిస్టరు గారూ, మా నాన్నకు ఏ ప్రోటీన్ పొడి పెట్టమంటారు?" అని. ఇంటి ఖర్చులు తగ్గించుకొని మరీ మెడికల్ షాపులో ఖరీదైన డబ్బా కొని తెస్తారు. నోటితో తినగలిగిన వారికి పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేప చాలావరకు ఆ పని చేస్తాయి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత తినాలో డాక్టరు గారిని అడిగే తినాలి. ఆ సంగతి అలా ఉంచండి. ఈ రోజు నేను చెప్పబోయేది డబ్బాలో దొరకని ప్రోటీన్ల గురించి. మన మెదడు తనకు కావలసిన ప్రోటీన్లను తానే తయారు చేసుకుంటుంది. వాటిలో ఎన్నింటికో ఒక వేళ ఉంది. కొన్ని సాయంత్రానికి పెరుగుతాయి, కొన్ని తెల్లవారేసరికి పెరుగుతాయి. ఈ వేళలు తప్పకుండా ఉండాలంటే రెండు కావాలి. పగటి వెలుతురు, రాత్రి నిద్ర. ఆసుపత్రిలో ముందుగా పాడయ్యేవి కూడా ఆ రెండే.

కొన్నేళ్ళ క్రితం ఒక పెద్దాయన మా వార్డులో ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి, బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగా జరిగింది. మొదటి రెండు రోజులు అందరితో చక్కగా మాట్లాడారు. మూడవ రాత్రి 11 గంటలప్పుడు చేతికి ఉన్న సెలైన్ సూది పీకేశారు. మంచం దిగబోయారు. పట్టుకోబోయిన సొంత కొడుకును చూసి, "ఎవడ్రా నువ్వు, నా ఎడ్లను ఎవరు విప్పారు?" అని కేకలు వేశారు. ఆ ఎడ్లను అమ్మేసి ఇరవై ఏళ్ళు దాటిందట. కూతురు ఏడుపు ఆపుకోలేకపోయింది. ఒకరు మత్తుమందు వికటించింది అన్నారు. ఇంకొకరు గాలి సోకింది, తాయెత్తు కట్టించాలి అన్నారు. తెల్లవారాక ఆయన నెమ్మదించి నిద్రపోయారు. "రాత్రంతా బాధపడ్డాడు, పోనీలే పడుకోనీ" అని కొడుకు కిటికీకి దుప్పటి కట్టి, రోజంతా లేపకుండా చూసుకున్నాడు. ప్రేమతోనే చేశాడు. ఆ రాత్రి ఆయన పరిస్థితి ఇంకా ఘోరంగా ఉంది.

ఆ కుటుంబానికి ఆ రోజు నేను సరిగ్గా వివరించి చెప్పలేకపోయాను. అప్పుడు చెప్పవలసిన మాటలే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మన రెండు కళ్ళ నుంచి వెనక్కు వెళ్ళే నరాలు మెదడు అడుగున ఒక చోట ఒకదానినొకటి దాటుతాయి. సరిగ్గా ఆ కూడలికి పైన, ఎడమకు ఒకటి, కుడికి ఒకటి, నాడీ కణాల చిన్న గుంపులు ఉన్నాయి. డాక్టర్లు దీనిని సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అంటారు. పేరు పెద్దదే గాని అది ఆవగింజ కంటే చిన్నది. చిట్టెలుకలో అయితే రెండు వైపులా కలిపి సుమారు 20,000 కణాలు మాత్రమే. శరీరానికంతటికీ పెద్ద గడియారం అదే. 1972లో అమెరికాలో రెండు బృందాలు వేర్వేరుగా ఎలుకలలో ఆ భాగాన్ని పాడుచేసి చూశాయి. ఎలుకలు బ్రతికే ఉన్నాయి, తిరిగాయి, నీళ్ళు తాగాయి. కాని వేళ అనేది పోయింది. ఎప్పుడు పడితే అప్పుడు తాగడం, ఎప్పుడు పడితే అప్పుడు తిరగడం. 1990లో ఇంకొక పని చేశారు. హామ్‌స్టర్ అనే ఎలుక జాతి జంతువుల్లో, పుట్టుకతోనే 20 గంటలకే రోజు ముగిసే రకం ఒకటి దొరికింది. దాని మెదడులోని ఆ చిన్న భాగాన్ని తీసి, గడియారం పోయిన మరో హామ్‌స్టర్‌లో పెట్టారు. దానికి పోయిన వేళలు తిరిగి వచ్చాయి. అయితే 24 గంటలవి కావు, ఇచ్చినదాని 20 గంటల వేళలు! గడియారం ఎక్కడ ఉందో ఇక అనుమానం లేదు.

ఈ గడియారంలో ముళ్ళు లేవు, స్ప్రింగు లేదు. ప్రోటీన్లే ఉన్నాయి. అది ఎలా నడుస్తుందో చెబుతాను. ఇంటిమీద నీళ్ళ ట్యాంకులో తేలే బంతి ఉంటుంది చూడండి. నీళ్ళు నిండేకొద్దీ బంతి పైకి లేచి, కుళాయిని మూసేస్తుంది. నీళ్ళు వాడేకొద్దీ బంతి దిగి, కుళాయి మళ్ళీ తెరుచుకుంటుంది. మెదడు కణంలోనూ ఇలాగే జరుగుతుంది. క్లాక్, బిమాల్-1 అనే రెండు ప్రోటీన్లు కలిసి కుళాయి తెరుస్తాయి. అప్పుడు పెర్, క్రై అనే ప్రోటీన్లు తయారవడం మొదలవుతుంది. అవి గంటగంటకూ పోగుపడి, కణం నడిమధ్యకు వెళ్ళి, తమను తయారు చేయిస్తున్న ఆ కుళాయినే మూసేస్తాయి. తరువాత పెర్, క్రై నెమ్మదిగా విరిగి కరిగిపోతాయి. అవి అడుగంటాక కుళాయి మళ్ళీ తెరుచుకుంటుంది. నిండడం, మూసుకోవడం, కరగడం, తెరుచుకోవడం అంతా కలిపి సుమారు 24 గంటలు. చిట్టెలుక మెదడు గడియారంలో పెర్ ప్రోటీన్ చీకటి పడే వేళకు నిండుగానూ, తెల్లవారే వేళకు తక్కువగానూ ఉంటుంది. ట్యాంకు పోలిక పూర్తిగా సరిపోదనుకోండి. ట్యాంకు నిండడం మనం ఎన్ని బిందెలు పట్టుకున్నామనే దాన్ని బట్టి ఉంటుంది. ఇది మాత్రం చీకటి గదిలో పెట్టినా తన వేళకు తాను నడుస్తుంది.

చీకట్లో పెట్టినా నడుస్తుందని మొదట చూపించినది ఒక మొక్క. 1729లో ఫ్రాన్సులో డి మైరాన్ అనే ఆయన అత్తిపత్తి జాతి మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. సూర్యుడు కనపడకపోయినా ఆకులు పగటి వేళకు విచ్చుకొని, రాత్రి వేళకు ముడుచుకున్నాయి. తరువాత 1971లో అమెరికాలో కొనాప్కా, బెంజర్ అనే ఇద్దరు, అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలలో వేళ తప్పిన మూడు రకాలను కనిపెట్టారు. ఒక రకానికి రోజు 19 గంటలు, ఒక రకానికి 28 గంటలు, మూడవ దానికి వేళే లేదు. మూడింటిలోనూ లోపం ఒకే జన్యువులో ఉంది. 1984లో ఆ జన్యువును వేరుచేశారు. అది తయారు చేసే ప్రోటీనే ఇందాక చెప్పిన పెర్. ఈ పరిశోధనలకు జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈగ సంగతి మనకెందుకు అంటారేమో! అమెరికాలోని యూటాలో ఒక కుటుంబంలోని వారికి సాయంత్రం ఏడున్నరకే నిద్ర ముంచుకొచ్చి, తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వచ్చేది. 2001లో వారిని పరీక్షించగా మనుషులలో ఉండే పెర్ జన్యువులోనే తేడా కనిపించింది. ఈగకైనా మనిషికైనా దేవుడు ఇచ్చిన గడియారం ఒకే పద్ధతిదన్నమాట.

ఇక వెలుతురు సంగతి. మనిషి లోపలి గడియారం సరిగ్గా 24 గంటలది కాదు. 1999లో అమెరికాలో కొలిచి చూస్తే సగటున 24 గంటల 11 నిమిషాలు వచ్చింది. అంటే దాని మానాన దానిని వదిలేస్తే రోజుకు కొంచెం చొప్పున వెనకబడుతుంది. ప్రతి ఉదయం వెలుతురు దానిని ముందుకు జరిపి సరిచేస్తుంది. వెలుతురును చూసి ఆ గడియారానికి కబురు చెప్పే కణాలు కంటి వెనుక పొరలో వేరుగా ఉన్నాయని 2002లో తెలిసింది. ఉదయపు వెలుతురు గడియారాన్ని ముందుకు జరుపుతుంది, రాత్రి పూట వెలుతురు వెనక్కు నెడుతుంది. అందుకే రాత్రి పది గంటలకు ముఖానికి దగ్గరగా సెల్‌ఫోన్ పెట్టుకున్నవారికి నిద్ర ఆలస్యమవుతుంది.

వార్డులో చిక్కు ఇక్కడే వస్తుంది. వెలుతురును లక్స్ అనే లెక్కలో కొలుస్తారు. బయట వరండా దాటి నిలబడితే, మబ్బు పట్టిన రోజున కూడా కొన్ని వేల లక్స్ ఉంటుంది. లోపల ట్యూబ్ లైటు కింద మంచం మీద 100 నుంచి 300 లక్స్. పగటి పూట గడియారాన్ని సరిచేయడానికి అది చాలా తక్కువ. కాని రాత్రి పూట 100 లక్స్ కూడా ఆ గడియారాన్ని కదిలించగలదు. ఒకే ట్యూబ్ లైటు పగలు పనికిరాదు, రాత్రి పాడుచేస్తుంది. కిటికీకి దూరంగా, మూల మంచం మీద పది రోజులు పడుకున్న మనిషికి ఆ పది రోజులూ పగలూ రాత్రీ ఒకేలా ఉంటాయి. ఆ పెద్దాయన మంచం కూడా మూలనే ఉండేది.

"పోనీ, గడియారం తప్పినా నిద్రదేముంది, పగలు పడుకుంటారులే" అని మీరు అనవచ్చు. ఆ కొడుకు అనుకున్నదీ అదే. 2019లో వెలువడిన ఒక పరిశోధన ఈ మాటకు జవాబు చెబుతుంది. జర్మనీలోని మ్యూనిక్‌లో, స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో కొందరు శాస్త్రవేత్తలు చిట్టెలుకల మెదడు ముందు భాగాన్ని రోజులోని వేర్వేరు వేళల్లో పరీక్షించారు. ఒక నాడీ కణం ఇంకొక నాడీ కణానికి కబురు అందించే చోటును సినాప్స్ అంటారు. జ్ఞాపకం, మాట, ఆలోచన అన్నీ అక్కడి నుంచే నడుస్తాయి. అక్కడ ప్రోటీన్ తయారు కావాలంటే ముందుగా ఆర్.ఎన్.ఎ. అనే పదార్థం రూపంలో ఒక చీటీ రావాలి. ఏ ప్రోటీన్ తయారు చేయాలో అందులో ఉంటుంది. సినాప్స్‌లకు చేరిన చీటీలలో మూడింట రెండు వంతులకు వేళ ఉందని వారు చూశారు. అవి కూడా రెండు జట్లుగా వస్తున్నాయి. ఒక జట్టు తెల్లవారక ముందు, ఒక జట్టు చీకటి పడక ముందు. అవసరం వచ్చాక కాదు, అవసరం రాబోతోందని ముందే.

తరువాత ఆ ఎలుకలను నిద్రపోనివ్వకుండా చూశారు. చీటీలు మాత్రం మామూలుగానే వేళకు వచ్చాయి. ప్రోటీన్లలో ఉండవలసిన హెచ్చుతగ్గులు పోయాయి.

మన ఆసుపత్రి వంటగదిని తలచుకోండి. ఏ మంచానికి గంజి, ఏ మంచానికి ఉప్పు లేని కూర అని వార్డు నుంచి చీటీ వేళకు వెళ్ళింది. వంట చేసే ఆయన రాలేదు. చీటీ ఉంది, పొయ్యి వెలగలేదు. నిద్ర లేని మెదడులో జరిగినది అలాంటిదే. గడియారం తన పని తాను చేసింది. ఆ చీటీని ప్రోటీన్‌గా మార్చే పని నిద్ర, మెలకువల మీద ఆధారపడి ఉంది. అదే సమయంలో వచ్చిన ఇంకొక పరిశోధనలో, సినాప్స్‌లోని ప్రోటీన్లకు ఫాస్ఫేట్ ముక్కలు తగిలించి, తీసివేసి వాటిని పనిలో పెట్టే పద్ధతిని చూశారు. మామూలుగా అది కూడా నిద్రకూ మెలకువకూ తగినట్లు రోజూ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. నిద్ర చెడగొడితే ఆ హెచ్చుతగ్గులలో 98 శాతం పోయాయి.

ఇవి చిట్టెలుకలు. పైగా ఎలుక పగలు పడుకొని రాత్రి తిరుగుతుంది. మనిషి మెదడును ఇలా గంటగంటకూ కోసి చూడలేము కాబట్టి, ఎలుకలో చూసినది అక్షరం అక్షరం మనిషికి వర్తిస్తుందని నేను చెప్పను. అయితే రాత్రి నిద్ర అంటే మెదడు ఊరికే ఖాళీగా ఉండడం కాదు, పని చేసుకొనే వేళ అని మాత్రం ధైర్యంగా చెప్పగలను. ఎన్నో ఏళ్ళు నైట్ డ్యూటీ చేసి, నిద్ర లేని పెద్దవారు మూడవ రాత్రికి ఎలా అవుతారో కళ్ళారా చూశాను.

ఇందులో మా తప్పు కూడా ఉంది. ట్రైనింగు అయిపోయి కొత్తగా డ్యూటీలో చేరిన రోజులలో నేను తెల్లవారుజామున నాలుగు గంటలకే వార్డు లైట్లన్నీ వేసేదాన్ని. రోగులను లేపి ఒళ్ళు తుడవడం, జ్వరం చూడడం, పక్క గుడ్డలు మార్చడం, పొద్దుటి డ్యూటీ వాళ్ళు వచ్చేసరికి అన్నీ అయిపోవాలి. అలా అయిపోతే మంచి సిస్టరు అనేవారు. ఒళ్ళు నాలుగు గంటలకు తుడిచినా, ఆరున్నరకు తుడిచినా రోగికి ఒకటే. నిద్ర మాత్రం ఒకటి కాదు. ఈ మాట నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పటికీ కొన్ని పనులకు మేము రాత్రి లేపక తప్పదు. ఆపరేషన్ అయిన వారికి బి.పి. చూడాలి, కొన్ని ఇంజెక్షన్లు వేళకు ఇవ్వాలి. వాటికి మమ్మల్ని క్షమించండి. తప్పించగలిగిన వాటిని తప్పిస్తున్నాము.

మందులు లేకుండా ఏమైనా చేయవచ్చా అని 1999లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వారు పరీక్షించారు. డెబ్బై ఏళ్ళు, ఆ పైబడిన 852 మంది రోగులను తీసుకున్నారు. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగం మందికి వైద్యంతో పాటు ఇంకొన్ని చిన్న పనులు. ఈ రోజు ఏ వారం, మీరు ఎక్కడ ఉన్నారు అని గుర్తు చేయడం, లేపి నడిపించడం, కళ్ళజోడు పెట్టడం, చెవి మిషను అందించడం, నీళ్ళు తాగించడం. రాత్రికి నిద్రమాత్ర బదులు వేడి పాలో వేడి పానీయమో ఇచ్చి, నెమ్మదైన సంగీతం వినిపించి, వీపు నిమరడం, వార్డులో చప్పుడు తగ్గించడం. మామూలు వైద్యం పొందిన వారిలో నూటికి 15 మందికి ఆ పెద్దాయనకు వచ్చినటువంటి మతి తప్పడం వచ్చింది. ఈ పనులు చేసిన వారిలో నూటికి 10 మందికే వచ్చింది. వేడి పాలు, వీపు నిమరడం! మన అమ్మమ్మలు చేసినవే. ఇవి చేయడానికి నర్సు కంటే మీరే తగినవారు. నాకు ముప్పై మంచాలు, మీకు ఒక్క మంచం.

కాబట్టి పొద్దున్నే కిటికీ తలుపులు తీయండి. డాక్టరు గారు లేవవచ్చని చెప్పిన రోగిని కుర్చీలోనో, చక్రాల బండిలోనో వరండాలోకి తీసుకొని రండి. ఎండ ముదరక ముందు అరగంట కూర్చోబెట్టండి. లేవలేని వారి మంచాన్ని కిటికీ వైపు జరపమని మమ్మల్ని అడగండి. చోటు ఉంటే తప్పక జరుపుతాము. పగలు మధ్యాహ్న భోజనం తరువాత ఒక అరగంట, ముప్పావు గంట కునుకు చాలు. సాయంత్రం నాలుగు తరువాత నిద్రపోనివ్వకుండా కబుర్లు చెప్పండి. ఇంటి దగ్గర గేదె ఈనిందో లేదో, చేను ఎలా ఉందో, మనవడికి ఎన్ని మార్కులు వచ్చాయో చెప్పండి. ఊరి నుంచి వచ్చే వారితో కళ్ళజోడు, కట్టుడు పళ్ళు, చెవి మిషను తెప్పించండి. పోతాయని ఇంట్లో బీరువాలో దాచి వస్తారు. కనపడక, వినపడక ఉన్న మనిషికి చీకటి పడితే ఎంత భయమో ఆలోచించండి. టీ, కాఫీ మధ్యాహ్నంతో ఆపండి. రాత్రి తొమ్మిది దాటాక పరామర్శకు వచ్చిన వారిని వరండాలోనే మాట్లాడి పంపించండి. సెల్‌ఫోన్‌లో పాటలు, సినిమాలు ఎంత ఇష్టమైనా పక్క మంచం వారిని తలచుకొని ఆపండి. ప్రార్థన చేసేవారు కూడా ఆ వేళకు నెమ్మదిగా చేయండి, దేవుడు వింటాడు.

ఇంట్లో మతిమరుపు జబ్బుతో ఉన్న పెద్దవారికి సాయంత్రం అయ్యేసరికి కంగారు ఎక్కువవుతుందని మీలో కొందరు అంటుంటారు. వారికి కూడా పగటి వెలుతురు మేలు చేస్తుంది. 2008లో నెదర్లాండ్స్‌లో 12 వృద్ధాశ్రమాలలో 189 మంది మీద పరీక్షించి చూశారు. పగలంతా పెద్ద వెలుతురు ఉంచిన చోట దిగులు కొంత తగ్గింది, జ్ఞాపకశక్తి పడిపోవడం స్వల్పంగా నెమ్మదించింది. చాలా స్వల్పంగానే. జబ్బు నయమైపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అదే పరీక్షలో మెలటోనిన్ మాత్ర ఒక్కటే ఇచ్చిన వారు ఇంకా ముభావంగా అయ్యారు. కాబట్టి ఎవరో చెప్పారని ఆ మాత్రలు మీరే కొని వేయకండి.

ఆ మాటకు వస్తే, నిద్రమాత్రల గురించి గట్టిగా చెప్పాలి. "సిస్టరు గారూ, ఏదో ఒక మాత్ర ఇచ్చి పడుకోబెట్టండి" అని రాత్రి ఒంటిగంటకు మీరు బ్రతిమాలుతారు. మీ బాధ నాకు తెలుసు. కాని పెద్దవారిలో కొన్ని నిద్రమాత్రలు మతి తప్పడాన్ని ఇంకా పెంచుతాయి, లేచి పడిపోయేలా చేస్తాయి. ఇంటి నుంచి తెచ్చిన మాత్ర మాకు చెప్పకుండా వేయకండి. ఇంకొక మాట, కొన్ని మందుల వేళ కూడా ఈ గడియారాన్ని బట్టే ఉంటుంది. స్టెరాయిడ్ మాత్రను సాధారణంగా ఉదయమే వేయమంటాము. ఎందుకంటే మన ఒంట్లో అటువంటి హార్మోను సహజంగా పెరిగేది ఆ వేళకే. రాత్రి వేస్తే నిద్ర పట్టదు. ఉదయం మరచిపోతే రాత్రి వేయవచ్చా అని మమ్మల్ని అడగండి.

అన్నిటికంటే ముఖ్యమైనది చెప్పాలి. ఉన్నట్టుండి మతి తప్పితే అది నిద్ర లేకపోవడమే అని మీరు తీర్మానం చేసుకోకండి. వెంటనే మాకు చెప్పండి, అర్ధరాత్రి అయినా సరే. షుగర్ పడిపోయి ఉండవచ్చు, ఒంట్లో ఉప్పు తగ్గి ఉండవచ్చు, మూత్రం బిగిసి ఉండవచ్చు, చీము పట్టి ఉండవచ్చు, ఆక్సిజన్ తగ్గి ఉండవచ్చు. కేకలు వేసేవారినే కాదు, ఉన్నట్టుండి మాట తగ్గించి, మత్తుగా, గోడ వైపు చూస్తూ పడుకున్న వారిని కూడా మాకు చూపించండి. "పాపం, నెమ్మదిగా ఉన్నాడు" అనుకొని ఊరుకుంటే జబ్బు లోపల ముదురుతుంది. రోజూ మద్యం తాగే అలవాటు ఉంటే దయచేసి దాచకండి. మందు ఆగిపోయిన రెండు మూడు రోజులకు వచ్చే వణుకు, కలవరింత ప్రాణం మీదికి తేవచ్చు. ముందే తెలిస్తే మందులున్నాయి. చర్చికి వెళ్ళే కుటుంబం అని సిగ్గుపడి దాచినవారు ఉన్నారు. మేము ఎవరికీ చెప్పము, తీర్పు తీర్చము.

ఆ పెద్దాయన సంగతి కూడా ఇలాంటిదే. డాక్టరు గారు పరీక్ష చేయిస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంది. నొప్పికి మందు కూడా చాలడం లేదు. రెండిటికీ వైద్యం చేశాము. మంచాన్ని కిటికీ దగ్గరకు మార్చాము. దుప్పటి తీసేశాము. పగలు కొడుకు కూర్చోబెట్టి ఆయనతో ఎడ్ల గురించే మాట్లాడించాడు. రాత్రి కూతురు వీపు నిమిరేది. మొదటి రాత్రి నాలుగు గంటలు పడుకున్నారు. వారం తిరిగేసరికి కొడుకును పేరు పెట్టి పిలిచి, ఇంటికి ఎప్పుడు పంపిస్తారో కనుక్కోమన్నారు. నయం చేసింది నిద్ర ఒక్కటే అని నేను అనను. ఇన్‌ఫెక్షన్‌కు మందు, నొప్పికి మందు, వెలుతురు, నిద్ర అన్నీ కలిశాయి. గాలి మాత్రం కాదు.

బాలింత వార్డు నుంచి వచ్చిన వారు ఇక్కడ ఇద్దరు ముగ్గురు ఉన్నారు. మీ పాప రాత్రంతా మేలుకొని పగలు పడుకుంటోందని దిష్టి తీయించకండి. పుట్టిన బిడ్డలో ఈ గడియారం ఇంకా కుదురుకోదు. రెండు మూడు నెలలకు నెమ్మదిగా కుదురుతుంది. పగలు వెలుతురులో ఉంచండి, రాత్రి చిన్న లైటు వేసి, మాట్లాడకుండా పాలు ఇవ్వండి.

మీ సంగతి కూడా ఒక మాట. మీ మెదడులోనూ ఆ గడియారమే ఉంది. ఒక్కరే పది రాత్రులు మేలుకోకండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు వంతులు వేసుకోండి. రాత్రంతా మేలుకొని పొద్దున్నే మోటారు సైకిలు మీద ఊరికి బయలుదేరకండి, బస్సు ఎక్కండి. అలా బయలుదేరి, దారిలో కునుకు పట్టి, మళ్ళీ ఇక్కడికే స్ట్రెచర్ మీద వచ్చిన వారిని నేను చూశాను.

ఈ రాత్రి నుంచి తొమ్మిదిన్నరకు పెద్ద లైట్లు తీసేస్తాము. మెట్ల దగ్గర, బాత్రూము దారిలో చిన్న లైట్లు వెలుగుతుంటాయి. రోగిని బాత్రూముకు లేపవలసి వస్తే ట్యూబ్ లైటు వేయకండి. డ్యూటీ సిస్టరు దగ్గర టార్చి ఉంటుంది, అడిగి తీసుకోండి. పాలు వేడి చేసుకోవడానికి వంటగది ఎనిమిదిన్నర వరకు తెరిచి ఉంటుంది.